ఎటు నుంచి వచ్చావు?

మన పాత పత్రికలు 'కాందిశీకులు' అని రాసేవి. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడని ఆ మాటకు అర్థం. ఇప్పుడు శరణార్థి అంటున్నాం. దిక్కు పోయి అర్థింపు మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ దేశాలు పశ్చాత్తాపంతో ఈ అర్థింపు విన్నాయనీ, ఈమధ్యే వాటి మనసు బిగుసుకుపోయిందనీ సంపాదకీయాల్లో తరచూ చదువుతుంటాం. ఆ బార్లా తెరిచిన తలుపు నాకెక్కడా కనబడదు.

యుద్ధానికి ముందు సంగతి సరే. 1938లో ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదుల మీద జాలిపడ్డాయి; డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు ఎవరూ చోటిస్తామనలేదు. మరి పశ్చాత్తాపంతో రాసుకున్న 1951 జెనీవా ఒప్పందం? దాని ప్రకారం శరణార్థి అంటే 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనల వల్ల దేశం విడిచినవాడు. ఆ సంఘటనలు ఐరోపాలోవే అయ్యుండాలా, ఎక్కడివైనా ఫరవాలేదా అన్నది సంతకం పెట్టే దేశం ఇష్టం. ఎటు పోవాలో తెలియనివాణ్ని చట్టం అడిగిన మొదటి ప్రశ్న, ఎటు నుంచి వచ్చావని! తేదీ గీత చెరగడానికి 1967 దాకా పట్టింది.

1956లో హంగరీ నుంచి సుమారు 2 లక్షల మంది సరిహద్దు దాటితే పశ్చిమ దేశాలు చకచకా పంచుకున్నాయి. కరుణ లేదనను. కానీ సోవియట్ ట్యాంకులను తప్పించుకొచ్చిన ప్రతివాడూ ప్రచారానికి పనికొచ్చాడు. 2022లో ఉక్రెయిన్ వాళ్ల కోసం ఐరోపా యూనియన్ తన తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని పదిరోజుల్లోపే అమలుచేసింది. అది 2001లో రాసుకున్నది. 2015లో సిరియన్లు వచ్చినప్పుడూ ఆ కాగితం అదే బీరువాలో ఉంది.

1971లో దాదాపు కోటిమంది తూర్పు బెంగాలీలకు చోటిచ్చిన భారత్ ఆ జెనీవా ఒప్పందంలో లేదు, ఇప్పటికీ చేరలేదు. జబ్బలు చరుచుకోనక్కర్లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాలు మన చట్టానికి వట్టి విదేశీయులే.

టర్కీ ఒక దశలో 36 లక్షలకు పైగా సిరియన్లను ఉంచుకుంది. అయినా 1951 నాటి ఐరోపా షరతును వదులుకోలేదు. అలెప్పో నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాడు అక్కడి చట్టంలో శరణార్థి కాడు, 'తాత్కాలిక రక్షణ' పొందుతున్నవాడు.