బోదకాలు: నొప్పి లేదని నమ్మరాదు

"మాకు జ్వరమా, వాపా? ఈ మాత్రలెందుకు?" బోదకాలు నివారణ మాత్రలు పంచేవేళ చదువుకున్నవారి ఇళ్ళలోనూ ఈ మాట వినవస్తున్నది. ఆ ధీమాయే క్రిమికి రక్ష అని నా అభిప్రాయం.

క్యూలెక్స్ దోమకాటుతో ప్రవేశించే ఫైలేరియా క్రిమి శోషరస నాళాలలో 6 నుండి 8 సంవత్సరాలు జీవించగలదు. అది మన రక్షణశక్తితో పోరాడదు. తన స్రావాలతో దానిని మందగింపజేసి, శరీరం తనను సహించేటట్లు చేసుకుంటుంది. దాని పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, దోమలు కుట్టే రాత్రివేళ పైరక్తంలోకి వస్తాయి. ఆరోగ్యవంతునిగా కనిపించే వ్యక్తి నుండే దోమలు వ్యాధిని ఇరుగుపొరుగుకు మోసుకుపోతాయి.

నీరు నిలిచే దేశాలలో శ్లీపదం అధికమనీ, ఏడాది దాటినది చికిత్సకు లొంగదనీ సుశ్రుత సంహిత చెప్పింది. కనుక వాపు వచ్చేదాకా వేచియుండుట వివేకం కాదు.

నేను ఆయుర్వేద వైద్యుడను. అయినను ఇచ్చట కషాయాలను నమ్ముకొనమని చెప్పను. గర్భిణులు, రెండేళ్ళలోపు శిశువులు, తీవ్రవ్యాధిగ్రస్తులు తప్ప అందరూ భోజనానంతరం ఆ మాత్రలు వేసుకోవాలి. పిదప కొందరికి వచ్చే స్వల్పజ్వరం, తలనొప్పి చాలావరకు క్రిములు చావడం వల్లనే. దాగిన శత్రువు బయటపడిన గుర్తు అది. భయపడి మాత్రను నిందించకండి.