విన్న మాట కడుపులో దాచుకునే చదువు



మన పల్లెల నుంచి తిరుపతికి వెళ్లి సైకాలజీలో పీజీ చేయాలనుకునే పిల్లలు ఈ మధ్య కనబడుతున్నారు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది. కౌన్సిలింగ్ నేర్చుకుంటామని వాళ్లు అంటే ఇంట్లో పెద్దలు రెండు ప్రశ్నలు వేస్తారు. "పిచ్చివాళ్ల చదువు మనకెందుకు?" "ప్రార్థన ఉండగా కౌన్సిలింగ్ ఎందుకు?" రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సేవకులమైన మేమే. ఆ చదువు ప్రార్థనకు పోటీ కాదని మా అభిప్రాయం. అది నేర్పే విలువలు మన సంఘాలకు ఎంతో అవసరం.

మొదటిది వినడం. సలహా ఇవ్వడానికి ముందు, ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం నేర్పుతారు. యోబు స్నేహితులు ఏడు రోజులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి అతని తప్పులు వెదకడం మొదలుపెట్టాకే బాధపెట్టేవాళ్లయ్యారు. మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరు? తోతాపురి మామిడికి ధర లేక అప్పుల్లో మునిగిన రైతు, భర్త కువైట్‌లో ఉంటే అత్తింట్లో నలిగిపోయే కోడలు, హాస్టల్లో పరీక్షల భయంతో నిద్రపట్టని ఇంటర్ పిల్లవాడు. రెండు నిమిషాలు విని "విశ్వాసం తగ్గింది, ఉపవాసం ఉండు" అని పంపేస్తే, వచ్చిన బరువుకు ఇంకో బరువు ఎత్తినట్టే.

రెండోది గుట్టు కాపాడటం. ప్రాణానికి ముప్పు వంటి సందర్భాల్లో తప్ప, కౌన్సిలింగ్ గదిలో విన్న మాట గడప దాటకూడదు. మన సంఘాల్లోనో? స్త్రీల కూడికలో కన్నీళ్లతో చెప్పుకున్న సంగతి ఆదివారానికి ప్రార్థన విన్నపమవుతుంది, సోమవారానికి పాలకేంద్రం దగ్గర ముచ్చటవుతుంది. ఆ సహోదరి ఇంకెప్పుడూ నోరు విప్పదు. ప్రార్థన పేరు పెట్టినంత మాత్రాన చాడీ చాడీ కాకుండా పోదు.

మూడోది కొంచెం కష్టమైనది. కౌన్సిలర్ తన నమ్మకాలను ఎదుటివారి మీద రుద్దకూడదు. ఈ చదువులో తప్పక వినబడే కార్ల్ రోజర్స్ అమెరికాలో పాస్టరు కావాలని వేదాంత కళాశాలలో చేరి, తర్వాత మనస్తత్వశాస్త్రం వైపు వెళ్లాడు. మనిషి మారాలంటే కౌన్సిలర్‌లో ముఖ్యంగా మూడు గుణాలుండాలని ఆయన 1957లో రాశాడు: లోపలొకటి బయటొకటి లేకపోవడం, షరతు పెట్టకుండా అంగీకరించడం, ఎదుటివారి బాధను వారి వైపు నుంచి అర్థం చేసుకోవడం. ఆయన వదిలిన దారిలోనే మేము నడుస్తున్నాము. అయినా ఈ మూడు మాటలు కాదనలేము.

రేపు మన సంఘంలోని అమ్మాయి తిరుపతిలో కౌన్సిలర్ అవుతుంది. ఆమె ఎదుట ఒక వెంకన్న భక్తురాలు కూర్చుని ఏడుస్తుంది. అప్పుడు సువార్త చెప్పాలా? వద్దు అని మేము స్పష్టంగా అంటాము. మనిషి విరిగిపోయి వచ్చిన ఘడియను అవకాశంగా వాడుకోవడం ప్రేమ కాదు. దారిలో పడి ఉన్నవాణ్ణి మంచి సమరయుడు నీ మతమేదని అడగలేదు, గాయాలు కట్టాడు.

తర్వాత అతణ్ణి పూటకూళ్లవాడికి అప్పగించి, రెండు దేనారాలిచ్చాడు. అంతా నేనే చేస్తానని పట్టుబట్టలేదు. కౌన్సిలింగ్ విద్యార్థులకూ ఇదే నేర్పుతారు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని చేయాలి, తన చేతిలో లేనిదాన్ని డాక్టరుకు అప్పగించాలి. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం? జ్వరానికి, గుండెకు సీఎంసీకి బస్సెక్కే మనం, మనసు జబ్బుకు మాత్రం దయ్యమని ఎందుకంటాము? మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ మొదలుపెట్టిన ఆ ఆసుపత్రిలోనే మానసిక వైద్యానికీ విభాగం ఉంది.

ఇక ఆ చదువు లక్ష్యం. వచ్చిన మనిషి తన కాళ్లమీద తాను నిలబడి, ఇక మీ దగ్గరికి రానవసరం లేదని వెళ్లిపోవడమే కౌన్సిలర్‌కు గెలుపు. పొలం అమ్మాలన్నా, పిల్లకు సంబంధం చూడాలన్నా సేవకుణ్ణి అడగందే అడుగు వేయని విశ్వాసులను తయారుచేయడం కాపరిత్వం కాదు.

ప్రార్థన ఉండగా ఇదంతా ఎందుకంటారా? బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట నిద్రనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. హోరేబులో ప్రశ్న అడిగి, అతని మొర రెండుసార్లు విన్నాడు. గద్దించి పంపలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఈ చదువు కోరితే అడ్డుపడకండి. తోటి సేవకులారా, చదివి వచ్చిన పిల్లలను పిలిపించి, వినడం ఎలాగో వాళ్ల దగ్గర నేర్చుకుందాం. చనిపోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఒంటరిగా మోయవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయడం అవిశ్వాసం కాదు.

నలిగిన హృదయాలకు సమీపంగా ఉండే దేవుడు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.