పడవకు పెరడేది?

ఈ వారం నేను ఎత్తుకున్న విషయం భోజనాల వేళ చదవదగినది కాదని ముందే మనవి చేస్తున్నాను. పత్రిక మడిచి పక్కన పెట్టి, తాంబూలం అయ్యాక తీరిగ్గా చదవండి.

2024 వేసవి సెలవుల్లో అమ్మను తీసుకుని సియాటిల్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరకు వెళ్లాను. వాడక్కడ ముప్ఫై అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. పడవ కొన్నవాడు ఊరుకోడు గదా, చుట్టాలందరినీ ఎక్కిస్తాడు. మొదటి ఆదివారం ప్యూజెట్ సౌండ్ నీళ్లలోకి పొద్దున్న తొమ్మిదింటికి బయలుదేరి సాయంత్రం అయిదింటికి ఒడ్డు చేరాం. దూరాన మంచు కప్పుకున్న రెయినియర్ శిఖరం కూడా చూశాం. అమ్మ మాత్రం పొద్దుట తాగిన అరగ్లాసు కాఫీ తప్ప గుక్కెడు నీళ్లు ముట్టలేదు. అడిగితే "దాహం లేదే" అంది. బస్సుల్లోనూ, పెళ్లిళ్లలోనూ ఆవిడకు ఏనాడూ దాహం ఎందుకు వేయదో నాకు తెలుసు. నాకూ ఆ విద్య కొంత అబ్బింది. ఆ రాత్రి ఆవిడకు కళ్లు తిరిగి మంచానికి ఆనుకుపోయింది. "ఇంక నేనా పడవ ఎక్కను, మీరు వెళ్లిరండి" అని తేల్చేసింది.

పడవలో పాయిఖానా లేక కాదు. చేత్తో పంపు కొడితే సముద్రపు నీళ్లు వచ్చి మురుగును ఒక తొట్టిలోకి తోస్తాయి. 2018 నుంచి ఆ జలాల్లో మురుగు వదలరాదని నిషేధం. శుద్ధి చేసి వదులుతామన్నా కుదరదు. తొట్టి నిండితే రేవుకు పోయి యంత్రంతో తోడించుకోవాలి. గొట్టాలు పాతబడి వాసన పట్టాయి. తలుపు తీస్తే చాలు, ఎంతటి అవసరమైనా వాయిదా పడిపోతుంది.

తమ్ముడికి పంతం వచ్చింది. ఆ సరంజామా అంతా ఊడబెరికి, పడవ అడుగునున్న పాత రంధ్రాలు మూయించి, నీళ్లు అక్కరలేని ఎరువు దొడ్డి ఒకటి తెచ్చాడు. దాని మర్మమల్లా ద్రవాన్నీ ఘనాన్నీ కలవనీయకపోవడం. కలిస్తేనే అసలు కంపు. ద్రవం ముందున్న సీసాలోకి జారుతుంది. రెండోది వెనకనున్న డబ్బాలో తడిపిన కొబ్బరిపొట్టులో పడుతుంది. పక్కనున్న పిడి తిప్పితే పొట్టు దాన్ని కలుపుకుంటుంది. ఇటుకలా అచ్చుపోసిన ఆ పొట్టును నీళ్లలో నానబెడుతుంటే అమ్మ చూసి, "మన అంబాజీపేట సరుకల్లే ఉందే!" అని చేయి పెట్టి చిదిమి చూసింది. అప్పటికి అది దేనికో ఆవిడకు చెప్పలేదు.

అడుగు పలక బల్లపరుపు, పడవ పొట్ట వంపు. అందుకని ముందు ఒక చెక్క పీఠం చేసి, పడవ ఒరిగినా కదలకుండా దొడ్డిని దానికి మరలతో బిగించాం. ఇది సులువే. చిక్కంతా గాలి గొట్టంతో వచ్చింది. డబ్బాలో గాలి ఆడకపోతే తేమ నిలిచి కుళ్లుతుంది. అందుకని ఒక చిన్న విద్యుత్ పంకా లోపలి గాలిని లాగి, గొట్టం గుండా పైకప్పు మీద వదలాలి. పైకప్పేమో రెండు ఫైబర్ పొరల నడుమ తేలిక కర్ర. సూటిగా కన్నం పొడిస్తే వాన నీరు కర్రలోకి దిగి కప్పు పుచ్చిపోతుంది. పెద్ద కన్నం పొడిచి, అంచున కర్ర తీసేసి, ఎపాక్సీ బంక నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్య అసలు కన్నం పొడవాలి. రెండు రోజులు పట్టింది. గొట్టం ఎక్కడా ఉయ్యాలలా వేలాడకూడదు. వేలాడిన చోట తేమ చేరి గాలిని ఆపుతుంది. లోపలికి పురుగులు రాకుండా సన్నని జాలీ. పైమూతి వెనక్కి తిప్పి పెట్టాం, ఎందుకంటే లంగరు వేసిన పడవ గాలికి ఎదురు నిలుస్తుంది. అప్పుడు గాలే వాసనను లాక్కుపోతుంది. పూర్వం ఓడల్లో నావికులు ముక్కు దగ్గరే కూర్చునేవారట. వెనకనుంచి వీచే గాలి కంపును ముందుకు పట్టుకుపోయేది. ఇప్పటికీ పడవ దొడ్డిని ఇంగ్లీషులో 'తల' అంటారు. పిల్లలకు పర్యాయపదాలు చెప్పుకునే నాకు ఈ మాట భలే నచ్చింది.

ఇంతా చేసి మొదటి రాత్రి పడవంతా మట్టివాసనా, దాని వెనక మరో వాసనా. తమ్ముడు మొహం వేలాడేశాడు. "కంపెనీ వాళ్లు మోసం చేశారక్కా" అన్నాడు. వాసన పోగొడదామని అమ్మ అగరొత్తి వెలిగించి దొడ్డి దగ్గర పెట్టింది. ఆ పొగ మూత సందులోకి పోవలసింది పోయి, ఎగిరి మా మొహాల మీదికి వస్తున్నది! పంకా తిరగేసి బిగించాం. పై గాలిని లోపలికి తోస్తోంది. విప్పి మళ్లీ పెట్టగానే పొగ తలవంచుకుని మూత కిందికి దూరింది. అమ్మ ఒత్తి ఆర్పి, "ఇంతేనా?" అంది.

మరుసటి ఆదివారం ఆవిడ పడవెక్కింది. నడి నీళ్లలో రెండు గ్లాసుల మజ్జిగ తాగింది, మా మరదలిచేత మూడోది కూడా పోయించుకుంది.

డబ్బాలోది ఒడ్డున నెలల తరబడి మాగాలి, అది కూరమళ్లకు పనికిరాదు. సీసా మాత్రం రెండు మూడు రోజులకోసారి నిండుతుంది. రేవు దొడ్డిలో పారబోయాలి. వంతులు వేసుకున్నాం. మా ఇంట్లో పుట్టిన ఏ ఆడపిల్లా, మగపిల్లాడూ ఇటువంటి బరువు మోసి ఎరగరు. మా తాతగారింట అది మోయడానికి వేరే మనిషి వచ్చేది, ఆమె పేరు ఎవరూ అడగలేదు. నా వంతు నాడు సీసా మీద తువ్వాలు కప్పి, తలవంచుకుని రేవు చెక్కల మీద నడుస్తున్నాను. ఎదురుగా పొరుగు పడవ పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన చేతిలోనూ ఒక సీసా; దాని మీద ఏ గుడ్డా లేదు. "గుడ్ మార్నింగ్" అని, నాకు దారివ్వడానికి పక్కకు తప్పుకున్నాడు.