మళ్ల వారీ లెక్క అడగని సమీక్ష

2020 మే 22న ‘లాన్సెట్’ పత్రిక హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై ఒక పరిశోధన పత్రాన్ని ప్రచురించింది. 671 ఆసుపత్రులలోని 96 వేల మంది రోగుల సమాచారమని అందులో పేర్కొన్నారు. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందుపై తన ప్రయోగాన్ని తాత్కాలికంగా నిలిపినట్లు ప్రకటించింది. మూల దత్తాంశానికి పూచీ పడలేమంటూ నలుగురు రచయితలలో ముగ్గురు జూన్ 4న పత్రాన్ని ఉపసంహరించుకున్నారు.

సస్యశాస్త్రంలో ఇంత అలజడి రేగదు. ప్రమాదమూ అక్కడే ఉన్నది. దోషమున్న పత్రం నిశ్శబ్దంగా సిఫారసుల పట్టికకు చేరుతుంది. విస్తరణ శాస్త్రవేత్త దానిని నమ్మి చెబుతాడు. రైతు ఎకరాకు మరో బస్తా యూరియా వేస్తాడు.

మన సమీక్షకులు భాషాదోషాలను శ్రద్ధగా పట్టుకుంటారు. తమ పత్రాలను ఉదహరించలేదన్న ‘లోపాన్ని’ మరింత శ్రద్ధగా పట్టుకునేవారూ లేకపోలేదు. కాని వర్షాధార పంటలో, అదీ బెట్ట సంవత్సరంలో, వైవిధ్య గుణకం నమ్మశక్యం కానంత తక్కువగా కనిపించినప్పుడు, రెప్లికేషన్ల వారీగా దిగుబడులు పంపమని అడిగేవారు అరుదు. అలా అడగడం రచయితను అవమానించడం కాదు. క్షేత్ర నమోదు పుస్తకం ఉన్నవారికి అది ఒక పూట పని.

అడిగే బాధ్యత సమీక్షకునిదేనని సంపాదకుడు తప్పుకొనరాదు. వారం గడువిచ్చి లోతైన పరిశీలనను ఆశించడమూ న్యాయం కాదు. పత్రంతో పాటు మళ్ల వారీ దిగుబడులు, నేల పరీక్ష ఫలితాలు, వారాల వారీ వర్షపాతం జతపరచాలని ఈ పత్రికే నియమం పెట్టవచ్చు. పదోన్నతి గడువు ముంచుకొచ్చిన సహోద్యోగి పంపినదైనా, అవి లేని పత్రం సమీక్షకు వెళ్లకూడదు.