మోగే హక్కు ఎవరికి?

ఒకరోజు ఊరికే లెక్కపెట్టి చూడండి. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మీ ఫోన్ ఎన్నిసార్లు టింగుమంటోంది? వాటిలో ఆ నిమిషమే చూడకపోతే నష్టం జరిగేవి ఎన్ని? స్కూలు బస్సు ఆలస్యమన్న మెసేజ్, ఖాతాలోంచి డబ్బు తీసినట్టు బ్యాంకు పంపిన ఎస్సెమ్మెస్, ఊళ్లో ఉన్న నాన్న ఫోను... వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఏమిటి? బిర్యానీ మీద డిస్కౌంటు, పోయిన నెల మీరు చూసి వదిలేసిన చీర ధర తగ్గిందన్న కబురు, అపార్ట్‌మెంట్ గ్రూపులో వరసపెట్టి గుడ్‌మార్నింగ్ పూలు.

సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. ఫోన్ ఎందుకు మోగుతుందో, ఎవరు మోగిస్తారో లోపలి నుంచి చూస్తుంటాను. అందుకే ఫోన్ గురించి ఇళ్లలో జరిగే గొడవలు వింటే నాకు ఒకటే అనిపిస్తుంది. మనం మనుషుల్ని తిడుతున్నాం, సెట్టింగుల జోలికి మాత్రం పోవడం లేదు.

అలారాలు ఎక్కువైతే...

మా ఉద్యోగాల్లో ‘ఆన్‌కాల్’ అని ఒక డ్యూటీ ఉంటుంది. వంతులవారీగా ఒక్కొక్కరూ రాత్రీ పగలూ సర్వర్లను కనిపెట్టుకుని ఉండాలి. తేడా వస్తే యంత్రమే ఫోన్ చేసి లేపుతుంది. కొత్తగా ఏర్పడిన టీములు సాధారణంగా ఉత్సాహం కొద్దీ ప్రతిదానికీ అలారం పెట్టేస్తాయి. డిస్కు సగం నిండితే అలారం, ఒక పేజీ రెండు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటే అలారం. కొన్నాళ్లకు ఏమవుతుంది? మోత వినపడినా ఎవరూ కదలరు. నిజంగా సర్వరు పడిపోయిన రోజు కూడా ‘ఆ, రోజూ ఉండేదేలే’ అని పక్కకు తిరిగి పడుకుంటారు. దీన్నే ‘అలర్ట్ ఫెటీగ్’ అంటారు. దీనికి మా రంగం కనుక్కున్న మందు చాలా చిన్న నియమం. మనిషి వెంటనే లేచి చేయాల్సిన పని ఉంటేనే మోగాలి. లేకపోతే ఒకచోట రాసి ఉంచితే చాలు, పొద్దున చూసుకుంటారు.

ఆస్పత్రుల్లో ఇదే సమస్య ప్రాణాల మీదికి తెస్తుంది. ఐసీయూలో మానిటర్లు, పంపులు, వెంటిలేటర్లు అన్నీ ఏదో ఒకటి కూస్తూనే ఉంటాయి. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో దీనిపై ప్రత్యేకంగా హెచ్చరించింది. మోగే అలారాల్లో నూటికి 85 నుంచి 99 వరకూ సిబ్బంది ఏమీ చేయనక్కర్లేనివేనని అంచనా. అన్ని అబద్ధపు కూతల మధ్య ఒక నిజం కూత చెవిన పడకపోవడం నర్సు తప్పు అనగలమా? అందుకే ఆ సంస్థ 2014 నుంచి అలారాల నిర్వహణను రోగి భద్రతా లక్ష్యాల్లో చేర్చింది.

ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ఈ కలుపు తీసేవాళ్లున్నారు. మన ఇళ్లలో ఎవరూ లేరు. బీపీ మాత్ర వేసుకోమని అమ్మ ఫోన్‌లో పెట్టిన రిమైండరూ, షాపింగ్ యాప్ ఆఫరూ ఒకే శబ్దంతో వస్తున్నాయి. ఖాతాలోంచి మోసగాళ్లు డబ్బు లాగేశారన్న మెసేజ్ యాభై ప్రకటనల కింద పడి ఉంటే, చూసేసరికి సాయంత్రమవుతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ సమయాన్ని బిర్యానీ ఆఫర్లు తినేస్తున్నాయి.

మిమ్మల్ని ఎవరూ మిస్సవడం లేదు

‘చాలా రోజులైంది, మిమ్మల్ని మిస్సవుతున్నాం’ అని యాప్‌ల నుంచి మెసేజ్‌లు వస్తుంటాయి కదా. అవతల ఎవరూ బెంగ పెట్టుకుని కూర్చోలేదు. ఇన్ని రోజులు యాప్ తెరవకపోతే ఈ వాక్యం పంపు అని ప్రోగ్రాములో ముందే రాసి ఉంటుంది. రోజుకు ఎంతమంది యాప్ తెరిచారన్నది చాలా కంపెనీల్లో ముఖ్యమైన లెక్క. ఆ అంకె పెరగాలంటే మిమ్మల్ని పిలుస్తూ ఉండాలి. పిలవడానికి వాళ్లకు పెద్దగా ఖర్చూ కాదు. ఖర్చంతా మీదే.

ఏమిటా ఖర్చు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్లోరియా మార్క్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పని మధ్యలో అంతరాయాలు కలిగినవాళ్లు పనిని వేగంగానే ముగించారు. కానీ దానికి బదులుగా ఒత్తిడి, విసుగు, హడావుడి ఎక్కువగా అనుభవించారు. పని ఆగలేదు కాబట్టి మనకు నష్టం కనిపించదు. సాయంత్రానికి కారణం తెలియని చిరాకుగా అది బయటపడుతుంది. పిల్లాడు లెక్క అర్థం కాలేదని దగ్గరికొస్తే కసురుకుంటాం. ఆ కసురు వెనక పొద్దుటి నుంచి పోగైన టింగులు కూడా ఉంటాయి.

వందమంది ఒకే తప్పు బటన్ నొక్కితే, మంచి డెవలపరు ‘వీళ్లకు తెలివి లేదు’ అనడు. బటన్ పెట్టిన చోటు మారుస్తాడు. ఇంట్లోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. చదువుకునే పిల్లాడి పక్కన ఐదు నిమిషాలకోసారి మోగే వస్తువును పెట్టి, ‘నీకు ఏకాగ్రత లేదు’ అనడం న్యాయం కాదు. ముందు మోత తగ్గించండి. ఆ తర్వాత కూడా చదవకపోతే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

అన్నీ ఆపేస్తే పోలేదా?

పోదు. నోటిఫికేషన్లపై 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంగతి తేల్చింది. నోటిఫికేషన్లను రోజుకు మూడు విడతలుగా అందుకున్నవారిలో ఏకాగ్రత, మనసు కుదురు, ఫోన్ తమ అదుపులో ఉందన్న భావన మెరుగుపడ్డాయి. పూర్తిగా ఆపేసినవారికి ఆ మేలు అంతగా దక్కలేదు. పైగా ఏదో పోగొట్టుకుంటున్నామన్న ఆందోళన పెరిగింది.

మన ఇళ్ల సంగతి చూసినా అంతే. కూతురు డాలస్‌లోనో, కొడుకు సిడ్నీలోనో ఉన్న తల్లిదండ్రులు రాత్రంతా ఫోన్ సౌండు పూర్తిగా పెట్టి తలగడ పక్కన ఉంచుకుంటారు. ‘సైలెంట్‌లో పెట్టి పడుకోండి’ అంటే వాళ్లు ఎందుకు వింటారు? పిల్లల ఫోను ఒక్కటే మోగేలా, మిగతావి మోగకుండా చేసిపెట్టాలి. అది సాధ్యమే.

ఆదివారం అరగంట చాలు

ఈ ఆదివారం ఇంట్లోవాళ్లందరూ ఫోన్లు తెచ్చుకుని కూర్చోండి. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు తెరిస్తే యాప్‌ల జాబితా కనిపిస్తుంది. ఒక్కోదాన్ని మూడు బుట్టల్లో ఒకదాంట్లో వేయండి.

మొదటిది, వెంటనే మోగాల్సినవి. ఫోన్ కాల్స్, బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు, స్కూలు సమాచారం, మందుల రిమైండర్లు. మందులకు మరి దేనికీ లేని ప్రత్యేకమైన శబ్దం పెట్టండి.

రెండోది, చప్పుడు లేకుండా వచ్చి ఉంటే చాలనుకునేవి. బంధువుల గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపు ఇందులోకి వస్తాయి. గ్రూపును మ్యూట్ చేస్తే అవతలివాళ్లకు తెలియదు, బంధుత్వాలు చెడవు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీరిగ్గా చూసుకోండి.

మూడోది, అసలు రానక్కర్లేనివి. ఆటలు, షాపింగు, వీడియో యాప్‌లు. ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌లకు లోపల విడివిడి విభాగాలుంటాయి. ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేది ఉంచి, ఆఫర్లు చెప్పేది తీసేయొచ్చు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా వేసుకునే యాప్‌లు నోటిఫికేషన్లు పంపడానికి ముందు అనుమతి అడగాలి. ఆ ప్రశ్న రాగానే అలవాటుగా ‘అలో’ నొక్కకండి. వద్దన్నా యాప్ మామూలుగానే పనిచేస్తుంది.

రాత్రిళ్లకు ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి, పిల్లలు, అమ్మానాన్నల నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. ఎవరైనా కాసేపట్లోనే రెండోసారి చేస్తే మోగే సదుపాయం కూడా అందులోనే ఉంటుంది. పెట్టాక తప్పకుండా ఒకసారి వాళ్లతో ఫోన్ చేయించి చూసుకోండి. వాళ్లు వాట్సాప్‌లో చేసేవాళ్లయితే అందులోనే చేయించి పరీక్షించండి. పరీక్షించని ఏర్పాటును నమ్మకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

పెద్దవాళ్ల ఫోన్ లాక్కుని మీరే మార్చేయకండి. ‘ఇది మోగాలా నాన్నా, వద్దా?’ అని ఒక్కొక్కటే అడగండి. ఏది ముఖ్యమో వాళ్లకు బాగా తెలుసు, ఎక్కడ నొక్కాలో మాత్రమే తెలియదు.

ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. 2023లో ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగి, ప్రభుత్వ పరీక్షా సందేశం వచ్చింది గుర్తుందా? తుపాను, వరద లాంటి విపత్తుల వేళ హెచ్చరించే ఏర్పాటు అది. అరుదుగా మోగుతుంది కాబట్టే అందరం ఉలిక్కిపడి చూశాం. మందుల రిమైండరు మోగినప్పుడు అమ్మ కూడా అలాగే తలెత్తి చూడాలి. ఈ అరగంట శ్రమంతా అందుకే.