గోడకెక్కిన సర్వరు

ఒక సినిమా ఎంత బరువుంటుంది? వెనకటి రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పటం తేలిక. సినిమా అంటే అప్పట్లో రేకుడబ్బాల్లో పెట్టిన ఫిలిం చుట్టలు. వెయ్యి అడుగుల చుట్ట తెరమీద 11 నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమాకు అటువంటి చుట్టలు 14 కావాలి. ఆ డబ్బాలను బస్సుల్లోనూ, రైళ్ళలోనూ ఊరూరికీ మోసేవారు.

ఇప్పుడు ఆ డబ్బాలు దాదాపు కనిపించవు. మరి సినిమా ఎక్కడ ఉంటున్నది?

హైదరాబాదులో బంజారా హిల్సు, జూబిలీ హిల్సు ఒకప్పుడు వట్టి రాళ్ళగుట్టలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో అక్కడ వెలిసింది. మద్రాసులో ఉండే తెలుగు సినిమా పరిశ్రమ మెల్లిగా ఈ గుట్టలమీదికి తరలివచ్చింది. ఇప్పుడక్కడ బొమ్మలను కత్తిరించి అతికేవారు, రంగులు సరిచేసేవారు, ధ్వని చేర్చేవారు అందరూ కంప్యూటర్ల ముందు కూచునే పని చేస్తారు. వాళ్ళందరికీ కావలసిన బొమ్మలు సర్వరు అనే యంత్రంలో ఉంటాయి. విందులో బంతి సాగుతుంటే, ఎవరు ఏది అడిగితే అది తెచ్చి వడ్డించేవాడు ఒకడుంటాడు గదా? సర్వరు చేసే పని అదే. అయితే అది వడ్డించేది అన్నం కాదు, బొమ్మలు.

ఈ వడ్డన సామాన్యమైనది కాదు. మంచి పెద్ద బొమ్మలో అడ్డంగా 4,096 చుక్కలు, నిలువుగా 2,160 చుక్కలు ఉంటాయి. హెచ్చవేసి చూడండి: 88 లక్షలు దాటుతుంది. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక్క బొమ్మకే మూడున్నర కోట్ల బైట్లు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు. అంటే, కుదించకుండా దాచితే, మీరు కన్ను మూసి తెరిచి "ఒకటి" అనేలోగా సుమారు 85 కోట్ల బైట్లు కదలాలి!

పెద్ద స్టూడియోలలో సర్వర్లకు ప్రత్యేకంగా చల్లని గది ఉంటుంది. చిన్న గదుల్లో పనిచేసేవారికి ఆ వీలు ఉండదు. కింద పెడితే దుమ్ము, తడిగుడ్డ నీళ్ళు, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు. అందుచేత గోడకు బిగిస్తారు. ఇది మేకు కొట్టి పటం తగిలించటం వంటిది కాదు. ఇందులో బరువు సంగతి ఒకటి, వేడి సంగతి ఒకటి ఉన్నాయి.

ముందు బరువు సంగతి. మీ పుస్తకాల సంచీని గుండెలకు ఆనించి పట్టుకుని వంద లెక్కపెట్టండి. కష్టం లేదు. ఇప్పుడు చేతులు బారజాపి పట్టుకోండి. ఇరవై లెక్కపెట్టేసరికి భుజాలు లాగుతాయి. సంచీ బరువు పెరగలేదు. అది మీకు దూరంగా జరిగింది, అంతే.

గోడకూ అదే అవస్థ. 70 సెంటీమీటర్ల పొడుగు, 20 కిలోల బరువు గల సర్వరును అలమారు బల్లలాగా ముందుకు పొడుచుకు వచ్చేట్టు బిగించామనుకోండి. దాని బరువు గోడకు 35 సెంటీమీటర్ల దూరాన ఉన్నట్టు లెక్క. పై బోల్టులకూ కింది బోల్టులకూ మధ్య 35 సెంటీమీటర్లు ఎడం ఉంటే, పై బోల్టులను గోడలోనుంచి 20 కిలోల బలం బయటికి లాగుతుంది. అదే సర్వరును గోడ వెంబడి నిలువుగా బిగిస్తే బరువు గోడకు ఏ 7 సెంటీమీటర్ల దూరానో ఉంటుంది. అప్పుడు లాగే బలం 4 కిలోలే! కిందికి దిగలాగే 20 కిలోలు ఎలాగూ రెండింటిలోనూ ఉంటాయి. అయినా బోల్టులు అంతకు అనేక రెట్లు మోయగలవిగా ఉండాలి.

గోడ కూడా చూసుకోవాలి. వేలి కణుపులతో కొట్టి వినండి. గట్టి గోడ మందంగా పలుకుతుంది. బోలుగోడ డప్పులాగా మోగుతుంది. ఆఫీసులలో జిప్సం అట్టలతో కట్టిన అడ్డుగోడలు, ధ్వని పీల్చటానికి స్టూడియో గదుల్లో వేసిన పలకలు బరువు మోయటానికి పనికిరావు. గట్టి గోడమీద కూడా సిమెంటు పూత బోల్టును పట్టుకోలేదు. బోల్టు పూతను దాటి ఇటుకలోకో, కాంక్రీటులోకో దిగాలి. స్విచ్చిబోర్డుకు తిన్నగా పైనా కిందా తొలచకూడదు. గోడలోపల తీగెలు సాధారణంగా ఆ దారినే పోతాయి. మంచానికి పైన, చదువుకునే బల్లకు పైన, నీళ్ళు కారే ఏసీ యంత్రం కింద సర్వరును పెట్టనే కూడదు.

ఇక వేడి సంగతి. సర్వరు తాగిన విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. 300 వాట్లు వాడే సర్వరు 300 వాట్ల పొయ్యివంటిదే. లోపలికి వెళ్ళిన గాలి 10 డిగ్రీలకన్న ఎక్కువ వేడెక్కకుండా బయటికి రావాలంటే, సెకండుకు సుమారు 25 లీటర్ల గాలి ఆడాలి. అంటే ప్రతి సెకండుకూ బకెట్టున్నర పైమాటే!

అటువంటి దాన్ని అలమారులో పెట్టి తలుపు మూస్తే ఏమవుతుంది? 30 డిగ్రీల గాలి 40 అయి బయటికి వస్తుంది. పోవటానికి దారి లేదు గనక మళ్ళీ లోపలికే వెళ్ళి 50 అవుతుంది. ప్రమాదం కనిపెట్టి యంత్రం ముందు నెమ్మదిస్తుంది. తరవాత తనంతట తానే ఆగిపోతుంది. రాత్రి పని అప్పగించి, ఏసీ కట్టేసి ఇంటికి వెళ్ళినవారికి తెల్లారి ఆగిన యంత్రమే కనిపిస్తుంది.

సర్వరు పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీలలోపు ఉంటే మంచిదని ఇంజనీర్ల సిఫారసు. హైదరాబాదు ఎండాకాలం 40 దాటుతుంది. అందుచేత పడమటి ఎండ కొట్టే గోడకు, ఎండకు కాలే డాబా కింది గదికి సర్వరును దూరంగా ఉంచాలి. వేడిగాలి తేలిక గనక పైకి పోతుంది. కాబట్టి గాలి పీల్చే వైపు కిందికీ, వదిలే వైపు పైకీ ఉండేట్టు నిలబెట్టి, రెండు వైపులా జానెడుకు తక్కువ కాకుండా ఖాళీ వదలాలి. గదిలో చేరిన వేడి బయటికి పోయే ఏర్పాటు కూడా ఉండాలి. బ్యాటరీల పెట్టెను మాత్రం గోడకు ఎక్కించరు. అందులో ఉండే సీసం నీటికన్న 11 రెట్లు బరువు. దాని చోటు నేలమీదే.

మీ ఇంట్లో సర్వరు లేకపోవచ్చు. ఇంటర్నెట్టు పెట్టె, కెమెరాల రికార్డరు ఉండవచ్చు. వాటికీ ఈ న్యాయమే వర్తిస్తుంది. సన్నని కాగితపు ముక్కను గాలి వదిలే చిల్లులకు కాస్త ఎడంగా పట్టుకుని చూడండి. ఫాను ఉన్న పెట్టె అయితే కాగితం ఊగాలి. ఊగకపోతే దుమ్ము పట్టిందేమో చూడమని పెద్దవాళ్ళకు చెప్పండి. పెట్టె విప్పటం, గోడ తొలచటం మీ పని కాదు.

పెద్దలకు ఒక మాట: బిగించేటప్పుడు ఒకరు మోస్తే ఒకరు బిగించండి, మూడు పిన్నుల ప్లగ్గు, మంచి ఎర్తు తప్పనిసరి. గోడ ఎంత గట్టిదైనా యంత్రం ఒకనాటికి పాడవుతుంది. పోగొట్టుకోకూడని వాటికి రెండో ప్రతి వేరేచోట దాచండి.

మూడు పిన్నులలో ఒకటి మిగతా రెండింటికన్న పొడుగ్గా ఉంటుంది. ఎందుకో ఆలోచించి పెట్టుకోండి. వచ్చే నెల చెప్పుకుందాం.