బురఖా ప్రతీక కాదు, ముద్ర

చాలా ఏళ్ల కింద ఓ పత్రికకు కథ పంపాను. కుట్టు మిషన్ మీద బతుకీడ్చిన మా ఖాలా కథ. ఎడిటర్ గారు ఫోన్ చేసి "కథ బాగుంది. ముస్లిం వాతావరణమేదీ? కాస్త బురఖా, అత్తరు పడాలి" అన్నారు. కూరలో ఉప్పు పడాలన్నట్టు!

అయ్యా, మీ కథల్లో మేం కనపడేదే వాటితో కదా. బురఖా వస్తే అణచివేత. గడ్డం వస్తే అనుమానం. రంజాన్ నాడు సేమ్యా గిన్నె పక్కింటికెళ్తే మతసామరస్యం. దీన్ని ప్రతీక అంటున్నారు. అర్థం ముందే రాసి మా ఒంటికి అంటించేది ముద్ర. కథ నడుస్తుంటే అందులోంచి అర్థం తెచ్చుకునేది ప్రతీక.

ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ 'చౌథీ కా జోడా' చూడండి. చౌథీ అంటే పెళ్లిలో నాలుగో రోజు తంతు, జోడా అంటే ఆ రోజు బట్టలు. చుట్టుపక్కల ఆడవాళ్లు చాలీచాలని గుడ్డ తెస్తారు. కుబ్రా తల్లి కొలిచి, అటూ ఇటూ తిప్పి, కత్తెర వేసిందంటే సరిపోవాల్సిందే. అందరికీ గుడ్డ సరిపెట్టే ఆ తల్లికి సొంత కూతురి పెళ్లి మాత్రం కుదరదు. మేనమామ కొడుకు రాహత్ వస్తాడు. అల్లుడవుతాడన్న ఆశతో ఉన్న నగా నట్రా అమ్మి పరాఠాలు మేపుతారు. తిన్నన్నాళ్లు తిని, వేరే పిల్లతో పెళ్లికి వెళ్లిపోతాడు. కుబ్రా క్షయతో పోతుంది. అదే వసారాలో తల్లి మళ్లీ గుడ్డ పరుస్తుంది. ఈసారి తెల్లది, కఫన్‌కి. పేదరికం ఆ పిల్లను ఎట్లా మింగిందో ఆ గుడ్డే చెప్తుంది. అది ముస్లిం ఇల్లే. పైనుంచి వాతావరణం పులమాల్సిన పని ఇస్మత్‌కి పడలేదు.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? అచ్చులో పేరు చూసుకోవాలని అడిగినంత అత్తరు చల్లినవాళ్లున్నారు. ఖాదర్ మొహియుద్దీన్ అట్లా చేయలేదు. 1991లో వచ్చిన ఆయన 'పుట్టుమచ్చ' కథ కాదు, దీర్ఘకవిత. అయినా చెప్పాలి. పుట్టుకతోనే మనకంటించిన అనుమానాన్ని ఒంటి మీది మచ్చ చేసి చూపించారు. వాళ్లేసిన ముద్రనే తీసుకుని ప్రతీక చేశారు.

నా కథ ఇంకా నా దగ్గరే ఉంది. మా ఖాలాకి బురఖా ఉండేది, నిజమే. కానీ ఆ కథంతా ఇంట్లో, మిషన్ ముందే జరుగుతుంది. ఇంట్లో కూర్చుని బురఖా ఎవరేసుకుంటారండీ?